ఇంట్లో రీలోడ్ చేసిన తూటాలను మొదటిసారి కాల్చే ముందు పరీక్షించడం ఎలా?

"అన్నా, మొదటి యాభై తూటాలు తయారయ్యాయి. ఆదివారం రేంజ్‌కు తీసుకెళ్లి కాల్చేయొచ్చా?"

డాలస్ చుట్టుపక్కల షూటింగ్ సరదా ఉన్న మనవాళ్లలో నెలకు ఒకరైనా నన్ను ఈ మాట అడుగుతున్నారు. ప్రెస్ (తూటాలు తయారుచేసే మీట యంత్రం) కొంటారు, అందులో డైలు (కేసును, బుల్లెట్‌ను నొక్కి కూర్చే అచ్చులు) బిగిస్తారు, తయారుచేయడం శ్రద్ధగా నేర్చుకుంటారు. తయారైనదాన్ని నమ్మవచ్చో లేదో ఎలా తేల్చుకోవాలో మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్తుంటే ఏదో ఒకటి మర్చిపోతున్నాను. అందుకే మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

నా జవాబు ఎప్పుడూ ఒకటే. యాభై వద్దు, పది తీసుకెళ్లండి. ఆ పది కూడా ముందు ఇంట్లో బల్ల మీద నెగ్గాలి. పరీక్షలో ముప్పాతిక వంతు బల్ల దగ్గరే జరుగుతుంది, రేంజ్‌లో జరిగేది మిగిలిన పాతికే.

ఎక్కువమంది మొదలుపెట్టేది 9 ఎంఎం లూగర్‌తో కాబట్టి ఉదాహరణలన్నీ దానివే ఇస్తాను. రైఫిల్ తూటాలకు తేడా ఉన్నచోట విడిగా చెప్తాను. ఇక్కడ తూటా అంటే మొత్తం రౌండ్. బుల్లెట్ అంటే దాని ముందు భాగంలో ఉండి బయటికి ఎగిరిపోయేది మాత్రమే. కేసు అంటే ఇత్తడి గొట్టం. దాని అడుగున ఉండి, దెబ్బ తగలగానే నిప్పు పుట్టించేది ప్రైమర్. ఆ నిప్పుకు మండి బుల్లెట్‌ను తోసేది పౌడర్. కాల్చిన కేసులో ఇవన్నీ కొత్తవి పెట్టి మళ్లీ తూటా చేయడమే రీలోడింగ్.

ఇది ఎందుకంత జాగ్రత్తగా చేయాలో ఒక్క అంకెతో చెప్తాను. అమెరికాలో తూటాల ప్రమాణాలు నిర్ణయించే సంస్థ సామీ. 9 ఎంఎంకు అది పెట్టిన గరిష్ఠ సగటు ఒత్తిడి 35,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). మీ కారు టైరులో ఉండే ఒత్తిడికి సుమారు వెయ్యి రెట్లు. .308 విన్‌చెస్టర్‌కు అయితే 62,000. ఇదంతా మీ ముఖానికి రెండడుగుల దూరంలో జరుగుతుంది.

మొదలుపెట్టే ముందు చట్టం సంగతి

మీరు ఏ వీసా మీద ఉన్నారో ముందు చూసుకోండి. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. హంటింగ్ లైసెన్స్ ఉన్నవారికి ఉన్నట్టు కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ, అవి మీకు వర్తిస్తాయో లేదో లాయర్ చెప్పాలి, స్నేహితుడు కాదు. చాలామందికి తెలియని విషయం ఇంకొకటి ఉంది. ఆ చట్టం దృష్టిలో ఖాళీ కేసులు, ప్రైమర్లు, బుల్లెట్లు, పౌడర్ విడివిడిగా ఉన్నా అవి కూడా అమ్యూనిషనే. "తుపాకీ లేదు, ప్రైమర్ల డబ్బా ఒక్కటే ఉంది" అంటే కుదరదు. గ్రీన్ కార్డు ఉన్నవారికి, పౌరులకు ఈ అడ్డంకి లేదు. సొంత వాడకానికి రీలోడ్ చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు. అమ్మాలంటే మాత్రం తయారీదారు లైసెన్స్ తప్పనిసరి. రాష్ట్రాల చట్టాలు వేరువేరుగా ఉంటాయి, మీ రాష్ట్రానివి చూసుకోండి.

ఇండియాలో ఉండి ఇది చదువుతున్నవాళ్లకు: లైసెన్స్ లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధ చట్టం కింద నేరం. ఇది అక్కడ ప్రయత్నించే పని కాదు.

కావలసినవి

ఏ బుల్లెట్‌కు ఏ పౌడర్ ఎంత పోయాలో చెప్పే అచ్చయిన రీలోడింగ్ మాన్యువల్ కనీసం ఒకటి ఉండాలి. లైమన్, హోర్నడీ, సియెర్రా, స్పీర్ ఏదైనా ఫర్వాలేదు. దాంతోపాటు పౌడర్ తయారీదారు ఇచ్చే డేటా కూడా పక్కన పెట్టుకోండి. తూకం సరిగా ఉందో చూడడానికి చెక్ వెయిట్లు, అంగుళంలో వెయ్యో వంతు చూపించే కాలిపర్, తూటాలు నిలబెట్టే లోడింగ్ బ్లాక్, చిన్న టార్చి, తప్పు పోయినవి విప్పడానికి బుల్లెట్ పుల్లర్ (తూటాను లోపల బిగించి కొట్టే సుత్తిలాంటి పనిముట్టు), అంటించడానికి లేబుళ్లు, నోట్‌బుక్ కావాలి.

రేంజ్‌కు కంటి అద్దాలు, చెవి మఫ్‌లు, బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్, మీ తుపాకీ బ్యారెల్‌లో దూరే ఇత్తడి రాడ్, అదే కాలిబర్‌లో ఫ్యాక్టరీ తూటాల డబ్బా ఒకటి తీసుకెళ్లండి. క్రోనోగ్రాఫ్ కొనే స్తోమత ఇప్పుడే లేకపోతే అద్దెకో, తెలిసినవాళ్ల దగ్గరో తెచ్చుకోండి. రాడ్ మాత్రం లేకుండా బయల్దేరవద్దు. అది ఎందుకో 10వ మెట్టులో చెప్తాను.

బల్ల దగ్గర

1. మాన్యువల్ మళ్లీ తెరిచి, మీరు వాడినవాటితో ఒక్కొక్కటీ పోల్చండి. బుల్లెట్ బరువు, బుల్లెట్ ఆకారం, పౌడర్ పూర్తి పేరు, ప్రైమర్ రకం, తూటా మొత్తం పొడవు. పౌడర్ పేరును అక్షరం అక్షరం చదవండి. హెచ్-4350, ఐఎంఆర్-4350 రెండిట్లో అంకె ఒకటే, పౌడర్లు వేరు. ఒకదాని డేటా ఇంకొకదానికి పనికిరాదు. మీ మొదటి తూటాలు మాన్యువల్‌లోని స్టార్టింగ్ లోడ్‌తోనే, అంటే అందులో ఇచ్చిన అతి తక్కువ పౌడర్ బరువుతోనే ఉండాలి. "మధ్యలో ఉంటే మంచిది కదా" అని నడిమి అంకె ఎంచుకున్నవాళ్లను చూశాను. మాన్యువల్ వాళ్లు పరీక్షించింది వాళ్ల బ్యారెల్‌లో, వాళ్ల కేసులతో. మీ తుపాకీలో అదే తూటా ఒత్తిడి ఎక్కువ చూపించవచ్చు. అలాగని భద్రత కోసం స్టార్టింగ్ లోడ్ కంటే కిందికి కూడా పోకండి. హెచ్-110, డబ్ల్యూ-296 లాంటి పౌడర్లను బాగా తగ్గించకూడదని తయారీదారే హెచ్చరిస్తాడు. తక్కువైతే బుల్లెట్ బ్యారెల్‌లోనే ఆగిపోవచ్చు. యూట్యూబ్ కామెంట్లలో దొరికిన లోడ్ ఎంత అనుభవజ్ఞుడు ఇచ్చినదైనా వాడకండి.

2. తూకం యంత్రాన్ని మళ్లీ పరీక్షించండి. మీ పౌడర్ బరువుకు దగ్గరగా ఉండే చెక్ వెయిట్ పెట్టి చూడండి. మెషిన్‌తో పాటు వచ్చే పెద్ద బాటు ఒక్కదానితో సరిపెట్టుకోవద్దు. పెద్ద బరువు దగ్గర సరిగ్గా ఉన్న మెషిన్ చిన్న బరువు దగ్గర తప్పవచ్చు. సీలింగ్ ఫ్యాన్, ఏసీ గాలి తగిలితే డిజిటల్ తూకం కదిలిపోతుంది. ఆన్ చేసి కాసేపు ఆగాకే వాడండి. అన్నిటికంటే ముఖ్యంగా తెర మీద యూనిట్ చూడండి. గ్రెయిన్ వేరు, గ్రాము వేరు. ఒక గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములే. 5 గ్రాములు అంటే 77 గ్రెయిన్లు. బటన్ పొరపాటున నొక్కుకుపోయి యూనిట్ మారడం జరుగుతూనే ఉంటుంది. రోజూ గ్రాముల్లోనే ఆలోచించే మనకు ఆ తప్పు ఒక్కోసారి కంటికి కనబడదు కూడా.

3. బుల్లెట్ కూర్చోబెట్టే ముందు ప్రతి కేసులోకీ చూశారా? ఈ వ్యాసంలో ఒక్క మెట్టే గుర్తుంచుకోగలిగితే ఇదే గుర్తుంచుకోండి. 9 ఎంఎంలో వేగంగా మండే పౌడర్ కేసులో సగం కూడా నిండదు. రెండుసార్లు పడినా పొర్లిపోదు, బుల్లెట్ హాయిగా కూర్చుంటుంది. అదే డబుల్ ఛార్జ్. తుపాకీ పగిలే ముఖ్య కారణాల్లో ఇదొకటి. అందుకే పరీక్ష తూటాలను లోడింగ్ బ్లాక్‌లోనే తయారుచేయండి. అన్ని కేసుల్లో పౌడర్ పోశాక బ్లాక్‌ను కదపకుండా పైనుంచి టార్చి వేసి వరుసగా చూడండి. మట్టం అన్నిట్లో ఒకేలా ఉండాలి. ఒకటి ఎత్తుగా గానీ లోతుగా గానీ కనిపిస్తే దాన్ని తిరగేసి మళ్లీ తూచండి. మీట లాగిన ప్రతిసారీ అన్ని పనులూ ఒకేసారి చేసే ప్రోగ్రెసివ్ ప్రెస్ ఉన్నా సరే, మొదటి బ్యాచ్‌కు ఒక్కొక్కటిగానే చేయండి.

"చూడలేదు, కానీ తయారైన తూటాలను తూచి తెలుసుకుంటాను" అని కొందరంటారు. అది కుదరదు. వేరువేరు కంపెనీల 9 ఎంఎం కేసుల బరువుల్లో ఉండే తేడాయే కొన్ని గ్రెయిన్లు. మీరు పోసే పౌడర్ మొత్తమే నాలుగైదు గ్రెయిన్లు. ఆ తేడాలో ఈ తేడా కలిసిపోతుంది. చెవి దగ్గర పెట్టి ఊపి వినడం అంతకంటే పనికిరానిది. కేసులోకి చూడకుండా మూసిన తూటాలు ఉంటే పుల్లర్‌తో విప్పేయండి. యాభైకి ఒక సాయంత్రం పడుతుంది, అంతే.

ఇక నుంచి పౌడర్ ఎంచుకునేటప్పుడు డబుల్ ఛార్జ్ పడితే కేసు పొర్లిపోయేంత ఉబ్బుగా ఉండేది ఎంచుకోండి. కొత్తవాళ్లకు నేనిచ్చే మొదటి సలహా ఇదే.

4. ప్రైమర్ల మీద వేలు పెట్టి తడమండి. ప్రైమర్ కేసు అడుగు కంటే కొద్దిగా లోపలికి ఉండాలి. తర్వాత తూటాను గాజు పలక మీద నిలబెట్టండి. అటూ ఇటూ ఊగితే ప్రైమర్ పైకి పొడుచుకొచ్చినట్టే. అలాంటిది మొదటి దెబ్బకు పేలకపోవచ్చు. సెమీ ఆటోమేటిక్‌లో అయితే స్లైడ్ (తుపాకీ పైన ముందుకూ వెనక్కూ కదిలే భాగం) మూసుకుంటుండగానే పేలే ప్రమాదం కూడా ఉంది. పైకి ఉన్న ప్రైమర్‌ను నిండిన తూటాలో లోపలికి నొక్కే ప్రయత్నం చేయకండి. ముందు బుల్లెట్ తీసి, పౌడర్ ఖాళీ చేయండి.

5. పొడవు కొలవండి. 9 ఎంఎంకు గరిష్ఠ పొడవు 1.169 అంగుళాలు. కానీ మీ బుల్లెట్‌కు మాన్యువల్ ఇచ్చిన పొడవే మీకు ప్రమాణం. అంతకంటే పొట్టిగా కూర్చోబెడితే లోపల చోటు తగ్గి ఒత్తిడి పెరుగుతుంది. చిన్న కేసులో ఈ పెరుగుదల చాలా వేగంగా ఉంటుంది.

కొలిచాక, ముక్కును బల్ల అంచుకు ఆనించి బొటనవేలితో గట్టిగా నెట్టండి. మళ్లీ కొలవండి. వెయ్యో వంతు, రెండు వెయ్యో వంతుల తేడా కాలిపర్ పట్టే తీరులోనే వస్తుంది. బుల్లెట్ నిజంగా లోపలికి జారితే మాత్రం కేసు మూతి దాన్ని గట్టిగా పట్టుకోలేదని అర్థం. ఆ బ్యాచ్ కాల్చవద్దు. కేసును నొక్కి అసలు కొలతకు తెచ్చే సైజింగ్ డై సరిగా దిగలేదేమో, మూతిని మరీ వెడల్పు చేశారేమో చూసుకోండి. ఇలాంటప్పుడు చాలామంది క్రింప్ బిగిస్తారు, అంటే కేసు మూతిని బుల్లెట్ మీదికి ఇంకా నొక్కుతారు. 9 ఎంఎంలో అది తప్పు మందు. ఈ తూటా ఛాంబర్‌లో (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటులో) ఆగేది కేసు మూతి మీదే. అతిగా క్రింప్ చేస్తే ఆ ఆధారం పోతుంది, పట్టు కూడా సడలుతుంది.

6. ఛాంబర్‌లో పడుతుందో చూడండి. తుపాకీ ఖాళీ చేసి, రెండుసార్లు చూసుకుని, బ్యారెల్ విడదీయండి. ఆ బ్యారెల్‌ను నిలబెట్టి పట్టుకుని తూటాను ఛాంబర్‌లోకి వదలండి. "టక్" మని దిగాలి, వేలితో తిప్పితే తిరగాలి, బ్యారెల్ తిరగేస్తే తనంతట తానే జారి పడాలి. ఈ మూడూ జరగాలి. తిరగకపోతే బుల్లెట్ బయటికి ఎక్కువ ఉండి లోపలి గాడులకు తగులుతున్నట్టు. సగంలో ఆగితే మూతి విప్పారి ఉంది లేదా కేసు ఉబ్బి ఉంది. ఛాంబర్ కొలతకు చేసిన కేస్ గేజ్ ఉంటే దాంతో చూసినా మంచిదే గానీ, చివరి మాట మీ బ్యారెల్‌దే. ఇంట్లో తూటాను అసలు తుపాకీలోకి ఎక్కించి చూడటం మాత్రం వద్దే వద్దు.

రైఫిల్ కేసులు వాడేవాళ్లు ఇంకొకటి చేయాలి. చాలాసార్లు కాల్చిన కేసు అడుగుకు కొంచెం పైన లోపలివైపు పలచబడుతుంది. పేపర్ క్లిప్‌ను తీగలా సాగదీసి, కొసను చిన్న కొక్కెంలా వంచి, పౌడర్ పోయక ముందే కేసు లోపలి గోడ వెంట పైకి లాగండి. ఎక్కడైనా గాడిలో పడ్డట్టు తగిలితే ఆ కేసు పారేయండి. బయట మెరిసే ఉంగరంలాంటి గీత కనిపించినా అంతే.

7. పదేసి చొప్పున విడదీసి లేబుల్ వేయండి. స్టార్టింగ్ లోడ్‌తో పది, దానిపైన ఒక మెట్టుతో పది. మొదటి రోజుకు అంతే చాలు. 9 ఎంఎంలో స్టార్టింగ్‌కూ గరిష్ఠానికీ మధ్య చాలా పౌడర్లలో అర గ్రెయిన్ చుట్టూనే ఉంటుంది. కాబట్టి మెట్టు అంటే గ్రెయిన్‌లో పదో వంతు, రెండు పదో వంతులే. లేబుల్ మీద తేదీ, కేసు, ప్రైమర్, పౌడర్ పేరు, బరువు, బుల్లెట్, పొడవు అన్నీ రాయండి. డబ్బా మూత మీద కాదు, అడుగు భాగం మీద రాయండి. మూతలు మారిపోతాయి.

రేంజ్‌లో

8. ముందే ఫోన్ చేసి రీలోడ్‌లు అనుమతిస్తారా అని అడగండి. కొన్ని ఇండోర్ రేంజ్‌లు ఒప్పుకోవు. దాచి తీసుకెళ్లకండి. రద్దీ లేని వేళ, వీలైతే చివరి లేన్ తీసుకోండి. అనుభవం ఉన్న ఒకరిని వెంట తీసుకెళ్లడం చాలా మేలు. కాల్చేవాడికి గుర్తింపు కష్టమైన శబ్దం తేడా పక్కన నిలబడ్డవాడికి ఇట్టే తెలుస్తుంది. టెక్సస్ ఎండలో తూటాలను కారు డాష్‌బోర్డు మీద వదలకండి. వేడెక్కిన పౌడర్ ఒత్తిడిని పెంచుతుంది, మీ కొలతలన్నీ తప్పుతాయి.

9. మొదట ఫ్యాక్టరీ తూటాలు అయిదు కాల్చండి. ఆ కేసులను విడిగా దాచుకోండి. ఇవే మీ కొలబద్ద. తర్వాత మీవి. మాగజైన్‌లో ఒక్కటే పెట్టి కాల్చండి. ఆగండి, కేసు తీసి చూడండి. ఇలా మూడుసార్లు. ఆ తర్వాత రెండేసి పెట్టండి. రెండోది సరిగా ఎక్కుతోందా, చివర స్లైడ్ వెనక్కి నిలుస్తోందా అన్నది అప్పుడే తెలుస్తుంది. అంతా బాగుంటే మిగతావి కలిపి పెట్టవచ్చు. స్టార్టింగ్ లోడ్‌తో స్లైడ్ పూర్తిగా వెనక్కి రాకపోవడం మామూలే, స్ప్రింగ్ గట్టిగా ఉన్న తుపాకుల్లో ఇంకా ఎక్కువ. అది ప్రమాదం కాదు, పై మెట్టుకు వెళ్లమన్న సూచన. అయితే దాన్నీ, ఇప్పుడు చెప్పబోయేదాన్నీ కలిపి గందరగోళపడకూడదు.

10. శబ్దం తేడాగా వస్తే ఆగిపోండి. పౌడర్ లేకపోయినా ప్రైమర్ ఒక్కటే బుల్లెట్‌ను బ్యారెల్‌లోకి తోసేయగలదు. అప్పుడు "ఢాం" అని కాకుండా "టప్" మనో "తుస్సు" మనో వినిపిస్తుంది, చేతికి తన్ను తగలదు, స్లైడ్ కదలదు. దీన్నే స్క్విబ్ అంటారు. ఆ బుల్లెట్ లోపల ఉండగానే ఇంకొకటి కాలిస్తే బ్యారెల్ ఉబ్బిపోతుంది, పగలొచ్చు కూడా.

నాకు రీలోడింగ్ మొదలుపెట్టిన రెండో నెలలోనే ఇది జరిగింది. పౌడర్ పోస్తుండగా ఇంటి నుంచి అమ్మ ఫోన్ చేసింది. మాట్లాడి వచ్చి ఎక్కడ ఆపానో గుర్తుందనుకుని కొనసాగించాను. లేదు. వారం తర్వాత రేంజ్‌లో ఎనిమిదో తూటాకు "టప్" మంది. తూటా జామ్ అయిందనుకుని స్లైడ్ లాగాను, కేసు పడింది, కొత్తది ఎక్కింది. నా వేలు ట్రిగ్గర్ మీదికి వెళుతోంది. వెనక నుంచి రేంజ్ ఆఫీసర్ "స్టాప్!" అని అరిచాడు. ఆ పెద్దాయన చెవికి శబ్దంలో తేడా తెలిసింది. బ్యారెల్ విప్పి చూస్తే బుల్లెట్ మధ్యలో ఇరుక్కుని ఉంది. ఆ రోజు మిగతావన్నీ ఇంటికి తెచ్చి విప్పాను. వాటిలో ఇంకేమీ తప్పు లేదు. అయినా విప్పినందుకు నేనెప్పుడూ బాధపడలేదు. అప్పటి నుంచి నా రీలోడింగ్ గదిలోకి ఫోన్ రాదు. మధ్యలో లేవాల్సి వస్తే బ్లాక్‌లోని కేసులన్నీ తిరగేసి మొదటి నుంచి పోస్తాను.

కాబట్టి శబ్దం తేడాగా వస్తే ఇలా చేయండి. తుపాకీ గురివైపే ఉంచి, వేలు ట్రిగ్గర్ మీంచి తీసి, అర నిమిషం ఆగండి. మాగజైన్ తీయండి, ఛాంబర్ ఖాళీ చేయండి, కళ్లతో చూసి వేలితో తడిమి ఖాయం చేసుకోండి. తర్వాత బ్యారెల్ విప్పి వెలుతురుకు పట్టి చూడండి, లేదా రాడ్ దూర్చి చూడండి. రాడ్ అడ్డు లేకుండా అటువైపు రావాలి. అడ్డం ఉంటే ఆ రోజుకు కాల్పులు ముగిసినట్టే. ఇంకో తూటాతో దాన్ని బయటికి తోయాలని ఎవరైనా అంటే వినకండి. రివాల్వర్‌లో బుల్లెట్ సగం సిలిండర్‌లో, సగం బ్యారెల్‌లో ఇరుక్కుని సిలిండర్ తిరగకుండా పోతుంది. బలవంతంగా తిప్పకుండా గన్‌స్మిత్‌కు చూపించండి.

11. ట్రిగ్గర్ నొక్కితే క్లిక్ మని ఊరుకుంటే వెంటనే స్లైడ్ లాగకండి. చిన్నప్పుడు దీపావళికి ఆరిపోయిన చిచ్చుబుడ్డి మీదికి వంగితే ఇంట్లో పెద్దవాళ్లు చెయ్యి పట్టుకుని వెనక్కి లాగేవారు కదా, ఇదీ అంతే. పౌడర్ ఆలస్యంగా అంటుకోవచ్చు. గురివైపే చూపిస్తూ కనీసం 30 సెకన్లు ఆగండి. మీ రేంజ్ నియమం అంతకంటే ఎక్కువ చెబితే అదే పాటించండి. తర్వాత తీసి, విడిగా పెట్టి, రేంజ్ వాళ్లు చూపించిన డబ్బాలో వేయండి. జేబులో పెట్టుకోవద్దు.

12. వేగం రాసుకోండి. క్రోనోగ్రాఫ్‌తో పదింటి వేగం నోట్ చేసి, సగటును మాన్యువల్ చెప్పిన వేగంతో పోల్చండి. మాన్యువల్‌లో ఏ పొడవు బ్యారెల్‌తో పరీక్షించారో చూడండి. మీది పొట్టిదైతే కొంత తగ్గడం సహజం. మీరు స్టార్టింగ్ లోడ్‌లో ఉండగానే వేగం మాన్యువల్ గరిష్ఠ లోడ్ వేగానికి చేరుకుందంటే సంబరపడకండి. ఆ అదనపు వేగం ఊరికే రాదు, ఒత్తిడి నుంచే వస్తుంది. అక్కడే ఆపి తూకం, పొడవు, పౌడర్ పేరు మళ్లీ చూడండి. పది తూటాల్లో అతి ఎక్కువకూ అతి తక్కువకూ తేడా సెకనుకు 40, 50 అడుగులు ఉంటే పిస్టల్‌కు ఫర్వాలేదు. ఒకటి మిగతావాటికంటే నూరు అడుగులకు పైగా పడిపోతే మీ పౌడర్ కొలత నిలకడగా లేనట్టు.

13. కాల్చిన కేసులు చదవండి. ఫ్యాక్టరీ కేసులను పక్కన పెట్టుకుని చూడండి. ప్రైమర్ అంచులు గుండ్రంగా ఉన్నాయా, చదునై గుంటనంతా నింపేశాయా? ప్రైమర్‌కు చిల్లు పడిందా? చుట్టూ మసి కారిందా? కేసు అడుగు దగ్గర ఒక పక్క ఉబ్బిందా? ఫ్యాక్టరీ కేసులో లేనిది మీ కేసులో కనిపిస్తే అదే ప్రశ్న. చిల్లుపడిన ప్రైమర్, ఉబ్బిన కేసు కనిపిస్తే మాత్రం ఇక ఆలోచన లేదు, ఆ బ్యాచ్ ఆపేయాలి. గ్లాక్ వాడేవాళ్లు ప్రైమర్ మీద దీర్ఘచతురస్రంలాంటి గుర్తు చూసి టెన్షన్ పడతారు. ఆ తుపాకీ ఫ్యాక్టరీ తూటా మీద కూడా అదే గుర్తు వేస్తుంది. పోల్చుకోవడానికి కొలబద్ద కావాలనేది ఇందుకే.

ప్రైమర్ బాగుందంటే ఒత్తిడి బాగుందని మాత్రం అనుకోకండి. పిస్టల్ ఒత్తిళ్ల దగ్గర ప్రైమర్ నమ్మకమైన సాక్షి కాదు. హద్దు దాటిపోయాక కూడా మామూలుగానే కనిపించవచ్చు. మీకు అసలైన హద్దు మాన్యువల్‌లోని గరిష్ఠ అంకె. దానికి తోడు క్రోనోగ్రాఫ్. బోల్ట్ రైఫిల్‌లో సంకేతాలు ఇంకాస్త తేటగా ఉంటాయి. బోల్ట్ ఎత్తడం బరువుగా అనిపించినా, కేసు అడుగున ఎజెక్టర్ (ఖాళీ కేసును బయటికి నెట్టే భాగం) గుర్తు మెరిసే మచ్చలా పడినా, తర్వాతిసారి ప్రైమర్ వదులుగా కూర్చున్నా ఒక మెట్టు కాదు, రెండు మెట్లు కిందికి దిగండి.

14. రెండో పదికి వెళ్లాలా? మొదటి పదిలో ప్రతిదీ ఎక్కింది, పేలింది, కేసు శుభ్రంగా బయటపడింది, వేగం అంచనాలో ఉంది అంటే వెళ్లండి. ఒక్కదాని మీద అనుమానం ఉన్నా ఆ రోజుకు చాలు. తుపాకీ సజావుగా పనిచేసి, గురి దగ్గరగా పడిన మెట్టు దొరికితే అక్కడే ఆగండి. గరిష్ఠం దాకా ఎక్కాలన్న నియమమేమీ లేదు. నా సొంత 9 ఎంఎం లోడ్ గరిష్ఠానికి చాలా కిందే ఆగింది, ఏళ్లుగా అదే కాలుస్తున్నాను.

ఇంటికొచ్చాక

అన్నిటికంటే ముందు చేతులు, ముఖం సబ్బుతో కడుక్కోండి. ప్రైమర్ పొగలో, బుల్లెట్లలో సీసం ఉంటుంది. మనం చేత్తో కలుపుకుని అన్నం తినేవాళ్లం, పిల్లలకు ముద్దలు పెట్టేవాళ్లం. రేంజ్ బట్టలు విడిగా ఉతకండి. కేసులు శుభ్రం చేసే టంబ్లర్‌ను వంటింట్లో నడపకండి.

నోట్‌బుక్‌లో ఆ రోజు ఉష్ణోగ్రత, వేగాలు, ఆగిపోయినవి, కారణం రాసుకోండి. ఏదైనా ఒకటి మారిస్తే, అది బుల్లెట్ కావచ్చు, ప్రైమర్ కావచ్చు, అదే పౌడర్ కొత్త సీసా కావచ్చు, మళ్లీ తగ్గించి మొదలుపెట్టండి. పౌడర్ ఎప్పుడూ దాని అసలు సీసాలోనే ఉండాలి. బల్ల మీద ఒకేసారి రెండు పౌడర్ సీసాలు ఉండకూడదు. మీ రీలోడ్‌లు స్నేహితుడికి ఇవ్వకండి, ఎంత ప్రేమగా ఇచ్చినా వేరేవాళ్లవి మీరు కాల్చకండి. ఎదుటివాడు ఆ రోజు కేసులోకి చూశాడో లేదో మీకు తెలియదు.

ఇంకో ముఖ్యమైన విషయం. రేంజ్‌కు తీసుకెళ్లిన బ్యాగ్‌ను ఇండియా ప్రయాణానికి వాడకండి. అడుగున మడతలో మిగిలిన ఒక్క తూటా హైదరాబాద్ విమానాశ్రయంలో స్కానింగ్‌లో దొరికితే ఆయుధ చట్టం కింద కేసు దాకా వెళ్లవచ్చు. ఖాళీ కేసు అయినా సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది. షూటింగ్‌కు ఒక బ్యాగ్ విడిగా కొని, దాన్ని గ్యారేజ్ దాటనివ్వకండి. రేంజ్‌కు వేసుకెళ్లిన జాకెట్ జేబులు కూడా వెతకండి.

చివరగా, మొదట్లో చెప్పిన ఆ యాభైలో మిగిలిన నలభై సంగతి. అవన్నీ స్టార్టింగ్ లోడ్‌తో, ఒకే కూర్చోవడంలో, ప్రతి కేసులోకి చూసి మూసినవైతే, ఒక్కొక్కటీ 4, 5, 6 మెట్లు దాటించి వచ్చే వారం కాల్చుకోండి. ఏ ఒక్కటి చూడకుండా మూశారన్న అనుమానం ఉన్నా పుల్లర్ తీయండి. కంటి అద్దాలు పెట్టుకుని, తూటాను పుల్లర్‌లో బిగించి, ఆ పుల్లర్‌ను గట్టి చెక్క దిమ్మ మీద కొట్టి ఒక్కొక్కటీ విప్పండి. బుల్లెట్లు, ప్రైమర్‌తో ఉన్న కేసులు మళ్లీ పనికొస్తాయి. పౌడర్‌ను మాత్రం తిరిగి సీసాలో పోయకండి. పెరట్లో గడ్డి మీద పలచగా చల్లేయండి.